నిద్రకు కాపలా

నాలుక కింద పెట్టుకున్న గోలి పూర్తిగా కరిగేదాకా దేవిదాస్ మాట్లాడకూడదు. ఆ కాసేపు అతని భార్య రోజారాణి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. అతను కళ్లతో, చేతులతో ఏవో సైగలు చేసి ఆమెను నవ్వించాలని చూసేవాడు. ఆమె నవ్వేది కాదు. కరిగిందని అతను తలూపాక నోరు తెరవమనేది, నాలుక పైకెత్తమనేది. అన్నీ చూసుకున్నాకే చాయ్ గ్లాసు చేతికిచ్చేది. వాళ్ల బిడ్డ పల్లవి బడికి పోయే ముందు రోజూ ఇదంతా చూసేది. ఒకనాడు తన బట్టబొమ్మను కూడా నోరు తెరవమని గద్దిస్తుంటే దేవిదాస్ పడీ పడీ నవ్వాడు. రోజారాణికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆమె అంత గట్టిగా ఉండటానికి కారణముంది. దేవిదాస్ లారీ డ్రైవరు. పెళ్లికి ముందునుంచే బాన్సువాడ మిల్లుల బియ్యం వేసుకుని బొంబాయి దగ్గరి భివండి లైనుకు పోయేవాడు. అక్కడ సరుకు దింపే వంతు వచ్చేదాకా లారీ కిందే పడిగాపులు పడాలి. అలా పడి ఉన్నచోట, నడుము నొప్పికి మంచిదని, సిగరెట్ డబ్బాలోని వెండిరంగు పన్నీ కాగితం మీద పొడి వేసి కింద అగ్గిపుల్ల గీసి ఆ పొగ పీల్చడం తోటి డ్రైవరొకడు నేర్పాడు. బ్రౌన్ షుగర్ అనే మాట రోజారాణి విన్నది పెళ్లయిన చాలా కాలానికి. అప్పటికే ఇంట్లో గిన్నెలు మాయమవుతున్నాయి. తండ్రి దశదినకర్మ రోజున దేవిదాస్ బస్టాండు వెనుక మురికి కాలువ పక్కన దొరికాడు. అతని అన్న వెంకటేశం అతన్ని భుజాన వేసుకుని జీపెక్కించి, నిజామాబాదులో మత్తు మాన్పించే కేంద్రానికి తీసుకుపోయాడు.

ఆ కేంద్రంలో సుచరిత అనే డాక్టరమ్మ ఉండేది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేయమని గోలీల పట్టీ రోజారాణి చేతిలోనే పెట్టింది.

"ఇది వారం రోజులు వేసుకుని ఆపేసే జ్వరం గోలి కాదమ్మా. బీపీ ఉన్నవాళ్లు ఏండ్ల తరబడి వేసుకుంటారు కదా, అట్ల అనుకో. ఇది ఉన్నంతకాలం వాటి మీదికి మనసు పోదు, ఒళ్లు గుంజదు. కాని దీని మీద కల్లు తాగొద్దు. నిద్రగోలీలు వద్దు. ఇంకే మందైనా సరే, నన్ను అడగకుండ కలుపొద్దు."

రోజారాణి ఆ మాటను గుండెలో రాసుకుంది. కల్లు, నిద్రగోలి, బ్రౌన్ షుగర్. మనిషిని పడగొట్టేవన్నీ వద్దు. ఆమెకు అర్థమైనది అంతే. దేవిదాస్ ఇంటికి వచ్చినప్పుడల్లా అతని అంగీ జేబులు వెతికేది, పన్నీ ముక్క కనపడుతుందేమోనని. గోళ్లు వాసన చూసేది. కంటిపాపలు సన్నబడ్డాయేమోనని వెలుతురులోకి తిప్పి చూసేది. అతను ఊరుకునేవాడు. "చూడు, మంచిగ చూడు. దొంగను పట్టుకున్నాక పోలీసోడు గూడ గింత చూడడు," అనేవాడు.

ఏడాది గడిచింది. అతని దవడలు నిండాయి. వెంకటేశం ధైర్యం చేసి తన సొంత లారీ తాళాలు తమ్ముడి చేతిలో పెట్టాడు. భివండికి మాత్రం పంపలేదు, చుట్టుపక్కల కిరాయిలే. గోలి వల్ల అతనికి ఒళ్లంతా చెమట పట్టేది, పగలంతా కాస్త మబ్బుగా ఉండేది. పోయిన మనిషి తిరిగొచ్చాడు కదా, ఆ మబ్బు ఉంటే ఉండనీ అనుకుంది రోజారాణి.

రెండు వేల అయిదు చలికాలంలో చెరుకు సీజను మొదలైంది. నిజాంసాగర్ కాలువల కింద ఆ ఏడు పంట విరగకాసింది. వెంకటేశం లారీకి డోంగ్లి దాటాక మహారాష్ట్ర సరిహద్దు అవతలి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే పని దొరికింది. కొట్టిన చెరుకు ఎండకు ఆగదు, బరువు తగ్గిపోతుంది. రైతు గట్టు మీద నిలబడి లారీ కోసం ఎదురుచూస్తుంటాడు. ఫ్యాక్టరీ ముందేమో లారీల బారు. లోడు దింపి వచ్చాడో లేదో మళ్లీ పొలానికి పోవాలి. డ్రైవర్లకు నిద్ర అనేది స్టీరింగు మీద తల వాల్చడమే.

మొదటి కొన్ని రోజులు దేవిదాస్ తట్టుకోలేకపోయాడు. ఒకసారి నస్రుల్లాబాద్ దగ్గర లారీని వరిమడిలోకి దింపేశాడు. దెబ్బలేమీ తగల్లేదు కాని ఇంటికి వచ్చి తలవంచుకుని కూర్చున్నాడు.

"గోలి మబ్బు రోజా. కండ్లు మూస్తే తెరువొస్తలేవు. అన్న ఏమనలేదు గని, మొఖం చూసిన."

"డాక్టరమ్మను అడుగుదాం. మోతాదు తక్కువ జేస్తదేమో," అంది ఆమె.

అడిగే తీరిక దొరకలేదు. పది రోజులు తిరిగేసరికి అడగాల్సిన అవసరమూ లేకపోయింది. దేవిదాస్‌కు మబ్బు పోయింది. లోడు దింపి వచ్చిన మనిషి పడుకోకుండా ఇంటి తలుపులకు నీలం రంగు వేశాడు. కారే చోట పెంకులు మార్చాడు. వంటింటి గద్దెకు సిమెంటు పూసి, ఆరేదాకా పక్కనే కూర్చుని పల్లవికి కథలు చెప్పాడు. ఫ్యాక్టరీ ఆగిన ఒక పూట తల్లీబిడ్డలను మోటారు సైకిల్ మీద నిజాంసాగర్ కట్టకు తీసుకుపోయాడు. గేట్ల పొడవునా నడుస్తూ, లారీ కొంటానని, పల్లవిని ఇంగ్లీషు బడిలో వేస్తానని, కట్ట కింద ధాబా పెడతానని ఆగకుండా చెప్పాడు. వాళ్లిద్దరికీ వేయించిన చేపలు కొనిపెట్టాడు. తాను ఒక్క ముక్క ముట్టలేదు.

"నువ్వు తినవా?"

"ఆకలైతలేదు. మిమ్ముల చూస్తుంటేనే కడుపు నిండింది."

నీటి మీద ఎండ మెరుస్తుంటే రోజారాణి చాలా ఏళ్ల తర్వాత తన బతుకు గురించి ఫికర్ లేకుండా కూర్చుంది. అతని పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. మాట మాటకూ దవడలు కొరుక్కుంటున్నాడు. పని భారం అనుకుంది. ఆ రోజు కూడా ఇంటికొచ్చాక అంగీ జేబులు వెతికింది. పన్నీ ముక్క లేదు. దేవునికి దండం పెట్టుకుంది.

తర్వాత తర్వాత అతని కథలు మారాయి. కిటికీ రెక్క కొంచెం తెరిచి వీధిలోకి చూస్తూ నిలబడేవాడు. తనను ఎవరో వెంబడిస్తున్నారనేవాడు. అన్న తన మీద మనిషిని పెట్టాడనేవాడు. నాన్నా నాన్నా అని వెనక నుంచి వచ్చి కావలించుకున్న పల్లవిని ఒక్క తోపు తోసేశాడు. పిల్ల గడపకు తగిలి నుదురు బొప్పి కట్టింది. ఆ తర్వాత అతనే ఏడ్చాడు. ఓదార్చబోయి రోజారాణి అతని రొమ్ము మీద చేయి వేసింది. గుప్పిట్లో పట్టిన పిచ్చుకలా లోపల గుండె టపటపా కొట్టుకుంటోంది. ఆమె చేయి తీయలేదు. అది నెమ్మదిస్తుందేమోనని చాలాసేపు చూసింది. నెమ్మదించలేదు.

మర్నాడు లారీ ఎక్కి సీటు కింద, సామాన్ల పెట్టె కింద వెతికింది. తలనొప్పి మందు డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే అందులో మందు లేదు, ప్లాస్టిక్ కాగితంలో మడిచిన తెల్లపొడి ఉంది. తెచ్చి దేవిదాస్ ముందు పెట్టింది.

అతను దాచబోలేదు. "గది షుగర్ కాదు, నీ మీద ఒట్టు. దాన్ని జాగారం అంటరు. మోతీలాల్ ఇచ్చిండు. డోంగ్లి దిక్కు ధాబా కాడ దొరుకుతది. లైనుల సగం మంది గదే తీసుకుంటరు. నిద్ర రాకుంట, అంతే."

మోతీలాల్ నస్రుల్లాబాద్ దగ్గరి తండావాడు, అదే లైనులో చెరుకు తోలే డ్రైవరు. అప్పుడప్పుడు ఇంటికొచ్చి వదినె అంటూ చాయ్ తాగిపోయేవాడు.

"మళ్ల పొడేనా," అంది రోజారాణి.

"మొదటి పొడి నన్ను పండవెట్టింది. గిది నిలవెడుతది. రెండూ ఒకటెట్లయితయి? ఇన్నొద్దులు నువ్వు చూసినవు గదా, నేనెట్లున్ననో. తలుపులకు రంగేసింది ఎవలు? నిజాంసాగర్ తీస్కపోయింది ఎవలు?"

రోజారాణికి నీలం తలుపు వైపు చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రమే బావ దగ్గరికి పోయింది. వెంకటేశం విని, గడ్డం గోక్కున్నాడు. డ్రైవర్లు అలాంటివేవో తీసుకుంటారని ఆయనకు తెలియకపోలేదు. తమ్ముడు తీసుకోడనే అనుకున్నాడు, లేదా అనుకోవాలని అనుకున్నాడు.

"సీజన్ అయిపోవస్తుందమ్మా. ఇప్పుడు బండి నిలవెడితే రైతులు నా గల్ల పట్టుకుంటరు. వేరే డ్రైవర్ను చూస్త, దొరకంగనే వాన్ని దింపుత. అప్పటిదాక జర చూసుకో," అన్నాడు.

కేంద్రానికి గోలీల కోసం పోయే రోజు వచ్చింది. బస్సులో దేవిదాస్ ఆమె చెవిలో అన్నాడు: "డాక్టరమ్మకు చెప్పకు రోజా. తెలిస్తే గోలీలు బంద్ పెడుతది. గోలి బందయితే నేనేడికి పోతనో నీకెరుక."

అది బెదిరింపు కాదు, భయం. రోజారాణికీ అదే భయం. డాక్టరమ్మ ముందు కూర్చున్నాక కూడా ఆమె పెదవులు విప్పలేదు. కాని సుచరిత అతని నాడి పట్టుకుని, మరోసారి పట్టుకుని, "ఏం తీసుకుంటున్నవు దేవిదాస్?" అని మెల్లగా అడిగేసరికి రోజారాణి అంతా చెప్పేసింది. చెబుతున్నంతసేపు భర్త వైపు చూడలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. గోలీలు ఆపలేదు. గుండె పరీక్ష తీయించి ఆ కాగితం చూసి మొహం ముడిచింది. తాను చేసింది తప్పు కాదన్నట్టు దేవిదాస్ చిన్నగా నవ్వి, "మేడం, గోలి బ్రేకు లెక్క, పొడి ఎక్సలేటర్ లెక్క. బండి నడిపేటోనికి రెండు గావాలె గదా," అన్నాడు.

"రెండూ ఒకటేసారి తొక్కి పట్టుకుంటే బండి ఏమైతది?"

దేవిదాస్ నవ్వు ఆగిపోయింది.

"నీ గుండె ఇప్పటికే అట్ల నలుగుతున్నది. ఇంకోటి విను. పొడి ఉన్నంతసేపు లోపలున్న మత్తు నీకు తెలువదు. ఏమైతలేదని ఇంకో గోలి, ఇంకో సీసా తీసుకుంటవు. పొడి దిగిపోయినాక ఆ మత్తంతా ఒక్కసారే మీద పడుతది. ఊపిరి తీసుకునుడు కూడ మర్చిపోయేంత పడుతది. నేను గోలీలు ఆపను. నువ్వు నెల రోజులు లారీ దిగు. ఇక్కడే మంచమిస్త, ఉండు."

దేవిదాస్ చేతులు జోడించాడు. వచ్చే వారం వచ్చి చేరతానన్నాడు. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, "మంచిగ జేసినవు, చెప్పి," అన్నాడు. రోజారాణి అతని చేయి పట్టుకుని బాన్సువాడ దాకా వదల్లేదు.

వెంకటేశం వేరే డ్రైవర్ను పెట్టాడు. ఆ డ్రైవరు రెండు లోడ్లు తోలి, పని కష్టమని చెప్పకుండా పోయాడు. కొట్టిన చెరుకు పొలంలో ఎండుతోంది. ఆ రైతు ఇంటికొచ్చి వెంకటేశం అరుగు మీద కూర్చుని లేవనన్నాడు. ఆ పెద్దమనిషి అలా కూర్చోవడం దేవిదాస్ చూశాడు. ఇంట్లోకి వచ్చి లుంగీ విప్పి ప్యాంటు వేసుకున్నాడు.

"గీ ఒక్కసారి. ఫ్యాక్టరీ బంద్ జేస్తున్నరు, ఉన్న చెరుకు దింపొస్త. వచ్చినంక సీదా నిజామాబాద్. నువ్వే సంచి సదురు."

"పొడి?"

"నాతాన లేదు. చూసుకో."

ఆమె వెతికింది. నిజంగానే లేదు. ధాబా దగ్గర దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట అనలేదు. సాయంత్రం వేసుకోవలసిన గోలి తనతోనే పెట్టుకుంటానంటే, ఎప్పటిలాగే కాగితంలో చుట్టి ఇచ్చింది. సీజను పొడవునా అతను దూరం పోయినప్పుడల్లా అలాగే ఇచ్చేది. పొడి తీసుకున్న రోజుల్లో అతనికి ఆ రెండో గోలి అవసరం తోచేది కాదని, వాటిని పారేయకుండా లారీలో దాస్తూ వచ్చాడని ఆమెకు తెలియదు.

పోయినవాడు మధ్యలో ఇంటికి రాలేదు. ఏకబిగిన లోడ్లు తోలాడని తర్వాత తెలిసింది. ఆఖరి లోడు దింపాక ఒకనాడు ఎండ ఎక్కే వేళకు వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, మనిషి సగమయ్యాడు. నోట్లోంచి కల్లు వాసన వచ్చింది. రోజారాణి ముఖం చూసి అతనే అన్నాడు.

"సీజన్ అయిపోయిందని అందరు పోసిన్రు. రెండు సీసలే. తిట్టకు. ఇగ అన్నీ అయిపోయినయి రోజా. గా పొడి గూడ ఇడిసిపెట్టిన. నాకు నిద్ర గావాలె. పుట్టినకాడికెల్లి నిద్ర పోనట్టుంది. ఎవలొచ్చినా లేపకు."

"రేపు పొద్దుగాల బస్సుకు పోదాం. సంచి సదిరిన."

"పోదాం," అన్నాడు. చాప మీద ఒరిగాడు, అంతే.

అన్నం తినలేదని ఆమె బాధపడింది కాని లేపలేదు. ఇన్ని రోజుల తర్వాత అతని కళ్లు మూతపడటమే ఆమెకు పండగలా ఉంది. కిటికీకి తన చీర అడ్డంగా కట్టి గది చీకటి చేసింది. వాకిట్లో ఆడుకుంటున్న పల్లవిని పక్కింటికి పంపింది. ఇనుప సామాన్లవాడు అరుచుకుంటూ వస్తే ఎదురు పోయి, ఇంట్లో మనిషి పండుకున్నాడని చేత్తో సైగ చేసి పంపేసింది. మధ్యాహ్నం వెంకటేశం వచ్చాడు. గడపలోంచే చూసి, "పండుకోనియ్యి," అన్నాడు.

దేవిదాస్ గురక పెడుతున్నాడు. మామూలు గురక కాదు, గొంతులో నీళ్లు గలగలమంటున్నట్టు, ఆగి ఆగి వస్తోంది. బడలిక గురక అనుకుంది. గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లేరుతూ ఆ చప్పుడు వింటూ ఉంది. ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపు ఆమె మనసు నిమ్మళంగా ఉంది. కొంతసేపటికి గురక సన్నబడింది. ఇంకా గాఢంగా నిద్ర పట్టిందనుకుని చేట కూడా చప్పుడు కాకుండా కింద పెట్టింది.

పొద్దు వాలుతుంటే చాయ్ పెట్టి తీసుకుపోయింది. ఎన్నడూ అతన్ని పేరు పెట్టి పిలవని మనిషి, పేరు పెట్టి పిలిచింది. చీర తీసి వెలుతురు రానిచ్చింది. అతని పెదవులు నేరేడు పళ్లు తిన్నట్టు ఉన్నాయి. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, ప్రాణం పోయి ఎంతసేపయిందని అడిగాడు.

చావు ఇంటికి వచ్చిన మోతీలాల్ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. అందరూ పోయాక వచ్చి చెప్పాడు. ఆఖరి లోడు దింపాక పొడి దిగిపోతుంటే దేవిదాస్‌కు ఒళ్లంతా వణుకు పట్టిందట. నిద్ర వస్తే చాలని, లారీలో దాచిన గోలీలన్నీ ఒక్కసారే నాలుక కింద పెట్టుకున్నాడట. ఆ మీదనే కల్లు. దుకాణం కల్లులో ఏ మత్తుమందు కలుపుతారో తాగేవాళ్లకు తెలియదు. "నేను ఇంటికాడ దించేసి పోయిన వదినె. నిద్ర పోతే మంచిగయితడనుకున్న," అన్నాడు. రోజారాణి అతని వైపు చూసింది. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

చుట్టాలు తలో మాట అన్నారు. కల్లు చంపిందన్నారు కొందరు. ఎక్కువమంది గోలి చంపిందన్నారు. రోజూ పొద్దున్నే ఆ గోలి పెట్టిన చేతి వైపు చూశారు. వెంకటేశం లారీని మిల్లు గోడ పక్కన నిలబెట్టి అటు పోవడమే మానేశాడు. మరదలు ఎదురొస్తే పక్క వీధిలోకి తిరిగేవాడు.

నెల మాసికం అయ్యాక రోజారాణి ఒక్కతే నిజామాబాద్ పోయింది. డాక్టర్ సుచరిత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లు తెప్పించింది. రోజారాణి నీళ్లు తాగలేదు.

"ఒక్కటి అడుగనీకి వచ్చిన మేడం. ఆ గురక అప్పుడు నేను లేపితే బతికేటోడా?"

డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "అట్ల చెప్పలేమమ్మా. గుండె ముందే..."

"నాకు నిమ్మళమయ్యే మాట వద్దు మేడం. ఉన్నది చెప్పుండ్రి."

సుచరిత ఆమె వైపు తిరిగి అంది: "ఆ గురక నిద్ర గురక కాదు. ఊపిరి అందకపోవుడు. లేపి, కూర్చోబెట్టి, అప్పుడే దవాఖానకు తీసుకపోతే... బతికేటోడేమో. నేను ఆ రోజు అతనికి చెప్పిన గాని, నిన్ను పక్కకు పిలిచి ఈ గురక సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది."

రోజారాణి తలూపింది. లేదు, లేపినా బతకడు అనే మాట కోసమే అంత దూరం వచ్చిందని ఆ జవాబు విన్నాకే ఆమెకు తెలిసింది.

తిరుగు దారిలో బాన్సువాడ రాకముందే బస్సు దిగి, మోతీలాల్ తండాకు నడిచిపోయింది. అతని భార్య సోనాబాయి వాకిట్లో మక్కజొన్నలు ఆరబోస్తోంది. ఇద్దరికీ పరిచయం అంతంతే. రోజారాణి కూర్చోకుండానే చెప్పింది, పొడి గురించి, కల్లు గురించి, ఆ గురక గురించి.

సోనాబాయి మక్కలు నెరపడం ఆపలేదు. "మా ఆయన గసుంటివి ముట్టడు అక్కా. నీకెవలో తప్పు చెప్పిన్రు."

"ముట్టకపోతే మంచిదే. కని ఎన్నడన్న అట్లొచ్చి పండుకుంటే, తిట్టినా కొట్టినా సరే, లేపు. పండుకోనియ్యకు."

మొగుడు పోయిన మనిషికి ఎదురు చెప్పడమెందుకని అన్నట్టు సోనాబాయి తలూపింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. రోజారాణి ఈసారి తాగింది. చెంబు గోడ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, రోడ్డు వైపు నడిచింది. వాకిలి దాటాక తిరిగి చూస్తే సోనాబాయి మళ్లీ మక్కల మీదికి వంగింది.